గ్రహములెన్ని?

శనివారమునాడు దేవాలయమునకు వెళ్ళి నవగ్రహములకు ప్రదక్షిణము చేసి వచ్చిన తల్లి సాయంకాలమున బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని పాఠము చదివించుచుండును. పుస్తకములో "గ్రహములు ఎనిమిది" అని యుండును. "అమ్మా, గుడిలో తొమ్మిది గదా, పుస్తకములో ఎనిమిదే యున్నవేమి?" అని బిడ్డ యడుగును. ప్రక్క గదిలోనున్న పిన్ని "మేము చదివినప్పుడు పుస్తకములోను తొమ్మిదే" అని అందించును. ఇంతకు ఎవరి లెక్క నిజము? "పరీక్షలో పుస్తకములో నున్నట్లు వ్రాయుము, చాలును" అని తల్లి తప్పించుకొనవచ్చును. కాని యట్లు చెప్పినచో బిడ్డ నేర్చుకొనునది గ్రహములను గూర్చి కాదు. పెద్దలు తమకు తెలియని దానిని కప్పిపుచ్చుదురని మాత్రమే నేర్చుకొనును. ఈ ప్రశ్నకు చక్కని సమాధానము గలదు. దానిని చెప్పుటకు గణితము అక్కరలేదు. కొంచెము ఓపిక యున్న చాలును.

మొదట ఒక చిత్రము చూడుడు. గుడిలోని తొమ్మిదియు, పిన్ని చదువుకొన్న పుస్తకములోని తొమ్మిదియు ఒకే తొమ్మిది కావు. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని అను నైదుగురు మాత్రమే రెండు పట్టికలందును గలరు. గుడిలో వీరితోపాటు సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు ఉందురు. పాత పుస్తకములో వీరితోపాటు భూమి, యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో అనునవి యుండెను. లెక్క కుదిరినది గాని మనుష్యులు వేరు. ఒకే పేరు గల రెండు కుటుంబములవంటి వివి.

పూర్వులు ఆకాశమును కన్నులతోనే చూచిరి. రాత్రి వెనుక రాత్రి చూచిన వారికి నక్షత్రములన్నియు ఒకదానికొకటి ఎడబాయక, చీరపై కుట్టిన పూవులవలె, కట్టకట్టుకొని నడచుచున్నట్లు కనబడెను. కొన్ని వెలుగులు మాత్రము ఆ పూవుల నడుమ స్థానము మార్చుకొనుచుండెను. గ్రీకులు వానిని సంచారులని పిలిచిరి. ఐరోపా భాషలలో గ్రహమునకు గల పేరు ఆ మాటనుండియే పుట్టినది. సూర్యచంద్రులును నక్షత్రముల నడుమ సంచరించువారే గనుక వారిని చేర్చి ఏడుగురని లెక్కించిరి. మన వారముల పేర్లు ఈ యేడుగురివే. మన పెద్దలు రాహుకేతువులను గూడ చేర్చిరి. చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఆకాశమున రెండు చోట్ల దాటుచుండును. ఆ రెండు చోట్లకే రాహువు, కేతువు అని పేర్లు. సూర్యచంద్రులు ఆ చోట్లకు సమీపించినప్పుడే గ్రహణములు కలుగును గనుక ఆ లెక్క పంచాంగకర్తలకు మిక్కిలి యవసరము. కావున గుడిలోని తొమ్మిది తప్పు లెక్క కాదు. అది వేరొక ప్రశ్నకు సమాధానము. "ఆకాశమున కదలుచు మన కాలగణనమునకు పనికివచ్చునవి యేవి?" అను ప్రశ్నకు అది సమాధానము.

1543వ సంవత్సరమున కోపర్నికస్ అను పండితుని గ్రంథము అచ్చయినది. భూమి నిలిచియుండగా సూర్యుడు దాని చుట్టు తిరుగుట లేదనియు, భూమియే సూర్యుని చుట్టు తిరుగుచున్నదనియు అందులో ప్రతిపాదింపబడెను. ఈ మాట జనులకు నచ్చుటకు చాలకాలము పట్టెను. నచ్చిన పిమ్మట గ్రహమను మాటకు అర్థమే మారిపోయెను. సూర్యుడు గ్రహముల పట్టికనుండి తొలగెను. చంద్రుడు భూమిచుట్టు తిరుగువాడు గనుక అతడును తొలగెను. మనము కాళ్ళు మోపియున్న భూమి పట్టికలో చేరెను. ఆకాశమున క్రొత్తగా కనబడినది ఒక్కటియు లేదు. అయినను గ్రహముల లెక్క మారినది. మారినది మన తెలివియే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొన్నచో ముందు వచ్చునదంతయు సులభముగా బోధపడును.

తరువాత దుర్భిణి వచ్చినది. 1781వ సంవత్సరము మార్చి 13వ తేదీ రాత్రి ఇంగ్లాండులోని బాత్ పట్టణమున విలియం హెర్షెల్ అను సంగీతవిద్వాంసుడు తన చేతితో చేసికొన్న దుర్భిణిలో ఒక క్రొత్త వెలుగును చూచెను. అతడు దానిని తోకచుక్క యనుకొనెను. ఇతరులు దాని మార్గమును లెక్కవేసి, అది శనికి ఆవల దాదాపు వలయాకారమున తిరుగుచున్న గ్రహమని తేల్చిరి. అదియే యురేనస్. ఈ హెర్షెల్‌నకు కరోలిన్ అను చెల్లెలు గలదు. అన్నగారు దుర్భిణి అద్దమును సానపట్టుచు చేయి తీయుటకు వీలులేనప్పుడు ఆమె అన్నము ముద్దలు నోటికందించెడిది. ఇంతటితో ఆమె కథ ముగిసినచో మనకు ఆశ్చర్యము లేదు. ఇండ్లలో ఇట్టి చెల్లెండ్రు పలువురు గలరు. కాని ఆమె గణితము నేర్చుకొని అన్నగారి లెక్కలన్నియు తానే వ్రాసెను. 1786 మొదలు 1797 వరకు ఎనిమిది తోకచుక్కలను స్వయముగా కనుగొనెను. 1787లో రాజుగారు ఆమెకు ఏటికి 50 పౌనుల వేతనము నేర్పరచిరి. 1828లో రాజకీయ ఖగోళశాస్త్ర సంఘము ఆమెకు బంగారు పతకము నొసగెను.

ఇక అసలు చిక్కు 1801వ సంవత్సరము జనవరి 1వ తేదీన మొదలైనది. కుజునకును గురునకును నడుమ చాల యెడము గలదు. అచ్చట ఒక గ్రహముండవలెనని పలువురు తలంచుచుండిరి. సిసిలీ ద్వీపమున పలెర్మో నగరమందు పియాజీ అను మతగురువు నాటిరాత్రి ఆ యెడములో ఒక చిన్న వెలుగును చూచెను. కొన్ని వారములు చూచునంతలో ఆయన జబ్బుపడుటయు, ఆ వెలుగు సూర్యకాంతిలో మరుగుపడుటయు సంభవించెను. గౌస్ అను 24 ఏండ్ల యువకుడు పియాజీ వ్రాసియుంచిన కొద్దిపాటి కొలతలనుబట్టియే దాని మార్గమును లెక్కకట్టెను. ఆ లెక్క చెప్పిన చోట అది యా యేటి చివర మరల కనబడెను. దానికి సీరిస్ అని రోమనుల ధాన్యదేవత పేరు పెట్టిరి. గ్రహములలో నొకటిగ చేర్చిరి.

అంతటితో ఆగియున్న బాగుండును. 1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా అనునవి అదే యెడములో బయలుపడెను. అన్నిటిని గ్రహములే యనిరి. పాఠ్యపుస్తకములలో పదునొకండు గ్రహములని వ్రాసిరి. 1845 తరువాత ఇంకను క్రొత్తవి రాసాగెను. ఒకటి రెండు చుట్టములు వచ్చినచో ఇంటిలో పీట వేయుదుము. ఊరంతయు వచ్చినచో పందిరి వేయవలసినదే గదా! శాస్త్రజ్ఞులును అట్లే చేసిరి. ఈ చిన్నవానినన్నిటిని గ్రహముల పట్టికనుండి తీసి వేరొక తరగతిగా నుంచిరి. వానిని మనము గ్రహశకలములని పిలుచుచున్నాము. ఇట్లు సీరిస్ అర్ధశతాబ్దము గ్రహముగా నుండి ఆ పదవిని పోగొట్టుకొనెను. అందుకై ఎవరును కంటతడి పెట్టినట్లు కనబడదు.

ఈ పనిలో మన చెన్నపట్టణమునకును పాలు గలదు. అచ్చటి నక్షత్రశాలనుండి పాగ్‌సన్ అను నధికారి 1861వ సంవత్సరమున ఒక గ్రహశకలమును కనుగొని దానికి ఆసియా అని పేరు పెట్టెను. ఆసియా ఖండమునుండి కనుగొనబడిన మొదటి గ్రహశకల మదియే. వరుసలో దాని సంఖ్య 67. ఆయన కుమార్తె ఐసిస్ పాగ్‌సన్ అదే నక్షత్రశాలలో పెక్కు సంవత్సరములు సహాయకురాలుగా ఉద్యోగము చేసెను. ఆమెను ఇంగ్లాండులోని ఖగోళశాస్త్ర సంఘమున చేర్చుకొనవలెనని 1886లో సూచింపగా, స్త్రీలను చేర్చుకొనుటకు నిబంధనలు ఒప్పుకొనవని ఆక్షేపణ వచ్చినది. 1920లో గాని ఆమెకు ఆ సంఘమున చోటు దొరకలేదు. ఏది యే తరగతిలో చేరవలెనో నిర్ణయించువారు తమ తరగతిలో నెవరు చేరవలెనో నిర్ణయించుటకు ఇంతకాలము తీసికొనిరి!

1846లో నెప్ట్యూన్ కనబడినది. యురేనస్ నడకలోని తేడానుబట్టి దానిని లాగుచున్న వేరొక గ్రహముండవలెనని ఫ్రాన్సు దేశపు లెవెరియే లెక్కవేసి చెప్పగా, బెర్లిన్ నగరమున గాలే అను నాతడు చూచిన మొదటి రాత్రియే అది చిక్కినది. దానికి ఆవల ఇంకొకటి గలదను నమ్మకముతో అమెరికాలో లోవెల్ అను ధనికుడు నక్షత్రశాల కట్టించి వెదకెను, 1916లో మరణించెను. 1930వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అదే నక్షత్రశాలలో టాంబో అను రైతు కుమారుడు వేర్వేరు రాత్రులలో తీసిన ఛాయాపటములను ఒకదానితో నొకటి పోల్చి చూచుచు కదలిన చుక్క నొకదానిని కనిపెట్టెను. ఆ వార్త మార్చి 14వ తేదీన ఇంగ్లాండు పత్రికలలో వచ్చినది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ముసలి తాతగారు ప్రొద్దుటి ఫలహారమువేళ దానిని చదివి వినిపింపగా, 11 ఏండ్ల మనుమరాలు వెనీషియా బర్నీ "దానికి ప్లూటో అని పేరు పెట్టవచ్చును గదా" అనెను. ప్లూటో యన రోమనుల పాతాళలోకాధిపతి. తాతగారు ఆ మాటను తెలిసిన శాస్త్రజ్ఞునకు చెప్పగా, ఆయన అమెరికాకు తంతి పంపెను. ఆ పేరే స్థిరపడినది. పలహారపు బల్లయొద్ద ఆడపిల్ల యన్న మాటను పెద్దలు చెవిని బెట్టినందువలన ఒక లోకమునకు పేరు వచ్చినది.

కాని ప్లూటో రాను రాను చిన్నదగుచు వచ్చినది. మొదట అది భూమియంత బరువుగలదని తలంచిరి. 1978లో క్రిస్టీ అను శాస్త్రజ్ఞుడు దానికి షారన్ అను ఉపగ్రహము గలదని కనుగొనెను. ఉపగ్రహము తిరుగు వేగమును బట్టి గ్రహము బరువు తూచవచ్చును. తూచి చూడగా ప్లూటో బరువు భూమి బరువులో సుమారు 450వ వంతు మాత్రమే! దాని అడ్డుకొలత సుమారు 2,377 కిలోమీటర్లు. మన చంద్రునిది 3,474. అయినను ఒంటరిగా నున్నంతకాలము దాని గౌరవమునకు భంగము రాలేదు.

1992లో ఆ యొంటరితనము పోయినది. వియత్నాం యుద్ధకాలమున కట్టుబట్టలతో అమెరికా చేరిన కుటుంబములోని ఆడపడుచు జేన్ లూ. ఆమెయు, ఆమెకు గురువైన డేవిడ్ జూయిట్టును ఐదు సంవత్సరములు వెదకి, హవాయి ద్వీపములోని కొండపైనుండి నెప్ట్యూన్‌కు ఆవల ఒక చిన్న గోళమును కనుగొనిరి. దాని వెనుక పదులు, వందలు బయలుపడెను. 2005లో మైక్ బ్రౌన్ మొదలగువారు ఎరిస్ అనుదానిని ప్రకటించిరి. అది ప్లూటోకంటె బరువైనది. ఎరిస్ యన గ్రీకుల కలహదేవత. ఆ పేరు సార్థకమైనది. ప్లూటో గ్రహమైనచో ఎరిస్ ఏల గాదు? ఎరిస్ గ్రహమైనచో రేపు రాబోవు వాని సంగతి యేమి? సీరిస్ నాటి కథయే మరల వచ్చినది.

2006వ సంవత్సరము ఆగస్టు నెలలో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము ప్రాగ్ నగరమున సమావేశమైనది. వేలయేండ్లుగా వాడుచున్న గ్రహమను మాటకు అంతవరకు నిర్ణయమైన లక్షణమే లేదు! మొదట నొక చిన్న సంఘమువారు "సూర్యుని చుట్టు తిరుగుచు గుండ్రముగా నున్నదెల్ల గ్రహమే" యని సూచించిరి. అప్పుడు సీరిస్, షారన్, ఎరిస్ చేరి గ్రహములు పండ్రెండగును. సభలో పెద్ద వాదము జరిగినది. తుదకు 24వ తేదీన మూడు లక్షణములను ఓటువేసి యొప్పుకొనిరి.

మొదటిది: అది సూర్యుని చుట్టు తిరుగవలెను, మరియొక గోళమునకు ఉపగ్రహమై యుండరాదు. గురుని ఉపగ్రహమగు గానిమీడ్ బుధునికంటె పెద్దది. అయినను గురుని కొలువులో నున్నందున గ్రహము గాదు.

రెండవది: తన బరువుచేత తాను గుండ్రనిరూపము దాల్చి యుండవలెను. మనము సున్నియుండలను చేతితో ఒత్తి గుండ్రము చేయుదుము. ఆకాశమున నొత్తు చేయి ఆకర్షణశక్తియే. అది ప్రతి కణమును నలువైపులనుండి నడిమికి లాగును. చిన్న రాతిలో ఆ లాగుడు చాలదు. రాయి తన గట్టిదనముచేత వంకరటింకరగానే యుండును. పెద్ద గోళములో రాయియు ఆ లాగుడునకు లొంగి గుండ్రమగును. సుమారు 940 కిలోమీటర్ల అడ్డుకొలతగల సీరిస్ గుండ్రముగా నున్నది. సుమారు 525 కిలోమీటర్ల వెస్టా గుండ్రముగా లేదు.

మూడవది: తన మార్గము చుట్టుపట్ల నున్నదానిని తుడిచివేసి యుండవలెను. ఇల్లాలు తెల్లవారగనే తన వాకిలి ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గు పెట్టినట్లు, గ్రహము తన దారిలోని రాళ్ళను తనలో కలుపుకొనవలెను, లేదా దూరముగా విసరివేయవలెను, లేదా తన యాజ్ఞకు లోబరచుకొనవలెను. సీరిస్ వేలకొలది శకలముల నడుమ నున్నది. ప్లూటో తన తోడి మంచుగోళముల గుంపులో నున్నది. ఈ మూడవ లక్షణమే ప్లూటోకు లోపించినది. మొదటి రెండు కలిగి మూడవది లేనివానిని మరుగుజ్జు గ్రహములనిరి. సీరిస్, ప్లూటో, ఎరిస్, 2008లో చేర్చిన హౌమియా, మాకేమాకే అను నైదింటిని సంఘము ఈ తరగతిలో గుర్తించినది.

మరుగుజ్జు గ్రహములును గ్రహములే యగునట్లు ఆ మాటను విశాలము చేయవచ్చునా యను ప్రశ్నయు నాడే సభకు వచ్చెను. ఆ చర్చను నడిపినది జోసెలిన్ బెల్ బర్నెల్. 1967లో విద్యార్థినిగా నుండగనే పల్సారులను క్రొత్తరకపు నక్షత్రములను కనుగొన్న విదుషీమణి. ఆమె ఒక గొడుగు తెరచి, దాని క్రింద బుడగను, బొమ్మలను ఉంచి చూపి, "గ్రహమను మాట ఈ గొడుగు, దీని క్రింద రెండు తెగలను ఉంచవలెనా?" అని సభవారికి బోధపరచెను. పెద్దపెద్ద శాస్త్రజ్ఞులకును చేతిలో వస్తువు చూపి చెప్పినచో తెలిసినట్లు మాటలతో తెలియదు. సభవారు ఆ గొడుగును వలదనిరి.

ఈ తీర్పును అందరు నొప్పుకొనలేదు. వేలకొలది సభ్యులుగల సంఘమున నాడు ఓటువేసినవారు 424 మందియే. గోళము ఎట్టిదో దాని స్వరూపమును బట్టి చెప్పవలెను గాని, దాని యిరుగుపొరుగును బట్టి చెప్పుట యేమని కొందరి వాదము. గురుని మార్గములోను శకలములు గలవు గదా యని మరికొందరు. దీనికి రెండవ పక్షమువారి సమాధానమిది: ఊడ్చిన వాకిటిలోను ఒకటి రెండు ఆకులు రాలియుండును, అంతమాత్రమున ఊడ్వలేదనరాదు. భూమి బరువు దాని మార్గమునందలి తక్కిన శకలములన్నిటి బరువుకంటె పదిలక్షల రెట్లకు మించినది. ప్లూటో బరువో, దాని పరిసరములందలి తక్కినవాని బరువులో పదియవవంతైనను లేదు. నడుమ నున్నవి లేవు. ఎనిమిదింటికిని మిగిలినవానికిని భేదము కొండకును గులకరాతికిని గల భేదమే.

వాదమెట్లున్నను ప్లూటోకు వచ్చిన నష్టము లేదు. 2006 జనవరిలో బయలుదేరిన న్యూ హొరైజన్స్ అను నౌక 2015 జూలై 14వ తేదీన దానిని సమీపించి ఛాయాపటములు పంపెను. హృదయాకారముగల తెల్లని మంచుమైదానము, నీటిమంచుతో నైన ఎత్తైన కొండలు అందు కనబడెను. గ్రహమని పిలిచినను పిలువకున్నను ఆ కొండలు కరగలేదు, ఎదుగలేదు. పేరు మన సౌకర్యమునకు. వస్తువు మన పేరుకొరకు వేచియుండదు.

ఇంకను తేలవలసినది గలదు. పై లక్షణములు మన సూర్యుని పరివారమునకు మాత్రమే చెప్పబడినవి. 1995లో వేరొక సూర్యునివంటి నక్షత్రముచుట్టు తిరుగు గ్రహమును మేయర్, కెలోజ్ అనువారు కనుగొనిరి. నేటికి అట్టివి ఐదువేలకు పైబడి లెక్కకు వచ్చినవి. వానిలో నేది తన వాకిలి ఊడ్చుకొన్నదో ఇంతదూరమునుండి చూచుట కష్టము. కావున ముందుముందు ఈ మాట అర్థము మరల మారినను మనము ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఇప్పుడు బిడ్డ ప్రశ్నకు బదులు చెప్పుదము. "నాయనా, గుడిలోని తొమ్మిది ఆకాశమున కదలుచు కాలమును తెలుపునవి. పుస్తకములోని ఎనిమిది సూర్యుని చుట్టు తిరుగుచు, గుండ్రముగా నుండి, తమ దారి తాము ఊడ్చుకొన్నవి. పిన్ని చదువుకొన్ననాడు మూడవ నియమము లేదు గనుక ప్లూటోయు నుండెను. పిన్ని తప్పు చెప్పలేదు. ఆమె చదివిన తరువాత పెద్దలు ఇంకను చూచి లెక్క దిద్దుకొనిరి." ఈ చివరిమాటయే బిడ్డకు ముఖ్యమైన పాఠము. తెలిసినవారు లెక్క దిద్దుకొనుట అవమానముగాదు. వంటలో ఉప్పు సరిచూచుకొను ఇల్లాలికి వంట రాదని ఎవరందురు?

మాటలతో ఆపక బిడ్డను మేడమీదికిగాని పెరటిలోనికిగాని తీసికొనిపోయి చూపుడు. గ్రహము నక్షత్రమువలె అంతగా మిణుకుమిణుకుమనదు, నిలుకడగా వెలుగును. అట్టి వెలుగు నొకదానిని గురిపెట్టుకొని, దాని ప్రక్కనున్న నక్షత్రములను కాగితముపై చుక్కలుగా గుర్తింపుడు. రెండు మూడు వారములు వరుసగా చూచి గుర్తించినచో చుక్కల నడుమ అది కదలుట బిడ్డకు కంటికి కనబడును. వేలయేండ్ల క్రిందట మన పూర్వులు చూచినదదియే. టాంబో ఛాయాపటములలో వెదకినదదియే. గ్రహములెన్నియను లెక్కను పుస్తకము చెప్పును. కదలుచున్న వెలుగును మాత్రము తల్లియే చూపవలెను.